గాలి చొరని స్నానాల గది

డిసెంబర్ 1, ఆదివారం

నా కూతురు ఫేబీకి ఈ రోజు పురుటి పదకొండో రోజు స్నానం. ఈ ఇంట్లో రాసిపెట్టుకోవలసిన రోజు అవుతుందని నిన్ననే అనుకున్నాను. రాసిపెట్టుకుంటున్నాను, అనుకున్న కారణానికి మాత్రం కాదు.

కామమ్మ పొద్దున్నే వచ్చింది. మైపాడులో బాలింతలకు నీళ్ళు పోయాలన్నా, పసిబిడ్డలను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించాలన్నా ఆమే. నా కూతురిని పీట మీద కూర్చోబెట్టి తల నిండా నూనె అంటింది. నేను హాల్లోంచి ఇక కుళాయి తిప్పమని ఆజ్ఞ ఇచ్చాను. గ్యాస్ గీజరు టిక్ టిక్ మంది. మంట రాలేదు. కట్టేసి మళ్ళీ తిప్పమన్నాను. మళ్ళీ టిక్ టిక్. పచ్చి బాలింత నూనె తలతో పావుగంట అలా వణుకుతూ కూర్చుంది. అడిగితే "పర్లేదులే నాన్నా" అంది. చిన్నప్పటి నుంచి అంతే, నన్ను నొప్పించే మాట దాని నోట రాదు.

రెబెక్కమ్మ ఏమీ అనలేదు. ముప్ఫై యేళ్ళ కాపురంలో నా భార్య ఏమీ అనకుండా అన్న మాటలన్నీ రాస్తే ఈ డైరీ చాలదు. అటక మీంచి వాళ్ళమ్మ ఇచ్చిన రాగి కాగు దించింది. పెరట్లో మూడు రాళ్ళు పేర్చి సరుగుడు పుల్లలు అంటించింది. మొన్ననే రంగు వేయించిన నా గోడ నిండా పొగ. అరగంటలో నీళ్ళు సలసల కాగాయి. కామమ్మ, ఆమె ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.

నలభై రెండు ఊళ్ళకు నీళ్ళ ట్యాంకులు కట్టించి రిటైరైన ఇంజనీరును. నా కన్నకూతురికి రాళ్ళ పొయ్యి మీద నీళ్ళు. క్రిస్మస్ లోపల ఆ కాగు మళ్ళీ అటక ఎక్కకపోతే నేను ఆనందబాబునే కాను.

డిసెంబర్ 2, సోమవారం

లోపం దొరికింది. గీజరు అడుగున లావు సెల్లులు రెండుంటాయి, నిప్పురవ్వ పుట్టేది వాటితోనే. చెమ్మకు నీరుగారిపోయాయి. కొత్తవి వేశాను. గుప్పున అంటుకుంది.

మూడు నిమిషాల తరవాత ఆరిపోయింది.

డిసెంబర్ 3, మంగళవారం

నీళ్ళ ఒత్తిడి చాలడం లేదు. నీళ్ళు జోరుగా తోస్తేనే గీజరులో మంట లేస్తుంది. ట్యాంకు రవంత ఎత్తున ఉంటే బాగుండేదని దీన్ని బిగించిన రోజే హజరత్తయ్య అన్నాడు. సెంటర్లో గ్యాస్ పొయ్యిలు, గీజర్లు బాగుచేసే అతను. ట్యాంకుల గురించి నాకు చెప్పడం. అనుకోకుండా నిజమైంది, అంతే.

అతను ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. గీజరును స్నానాల గది లోపల పెట్టకూడదట, బయట గోడకు పెట్టాలట. మంటకు గాలి కావాలి, మూసిన గదిలో మండితే మనిషికి ప్రమాదమని కంపెనీ కాగితం తీసి చూపించాడు. ఆ కాగితం రాసినవాడు మైపాడు చూసి ఉండడు. ఇక్కడి ఉప్పుగాలికి బయట పెట్టిన ఇనుము ఏడాది తిరక్కుండా పొడైపోతుంది. లోపలే పెట్టమన్నాను. పెట్టాడు, కానీ వెంటిలేటరు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచమని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళాడు.

ఈ రోజు నీళ్ళు లోపలికి వచ్చే చోట ఉన్న జాలీ విప్పాను. సున్నంలా గట్టిపడిన తెల్లటి పొర, దాని వెనక చిటికెడు ఇసుక. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టాను.

డిసెంబర్ 4, బుధవారం

జాలీ తళతళలాడుతోంది. నీళ్ళు జోరుగా వస్తున్నాయి. మంట నీలంగా, నిలకడగా. బకెట్టు నిండేసరికి చెయ్యి పెట్టలేకపోయాను.

తలుపు బయట నిలబడి వేడిగా ఉన్నాయా అని అడిగాను. బాగున్నాయంది ఫేబీ. ఇంకోసారి అడిగాను. చాలా బాగున్నాయంది.

కాగు అటక ఎక్కించమన్నాను. వారం చూద్దామంది రెబెక్కమ్మ. బొగ్గు మసితో అది అలాగే పెరట్లో కూర్చుని నన్నే చూస్తోంది.

డిసెంబర్ 5, గురువారం

వాయుగుండం. సముద్రం మీంచి ఈదురుగాలి. వెంటిలేటర్లోంచి గాలి కొట్టి గీజరు మంట రెండుసార్లు ఆరింది. తడిసిన ఒంటి మీద చల్లగాలి తగిలి పిల్ల వణికింది. కామమ్మ నాకు వినపడేలాగే అంది:

"పచ్చి బాలింత. గాలి సోకిందంటే సన్నిపాతమే. ఆ కంతలో పాత చీరేదన్నా కుక్కండమ్మా."

రెబెక్కమ్మ చీర తేబోయింది. నేనే ఆపాను. మాట సరైనదే, బాలింతకు గాలి తగలకూడదని మా అమ్మ కూడా అనేది. కానీ గుడ్డలు కుక్కడం ఒక పద్ధతా? చేస్తే సరిగ్గా చేయాలి.

డిసెంబర్ 6, శుక్రవారం

ఈ రోజు మనసుకు తృప్తిగా ఉంది.

వెంటిలేటరు కొలతలు మూడుసార్లు తీసుకున్నాను. ఫ్రిజ్జు కొన్నప్పుడు వచ్చిన థర్మోకోలు దాచిపెట్టడం మంచిదయింది. రెండు పలకలు కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, నొక్కి బిగించాను. చుట్టూ సందుల్లో ఎంసీల్ ముద్ద మెత్తాను. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ. తలుపు వేసుకుని కొవ్వొత్తి వెలిగించి నాలుగు మూలలా తిప్పాను. మంట ఎక్కడా వంగలేదు.

మా శాఖలో ఎన్నో ట్యాంకులు కారడం చూశాను. నా ఇంట్లో చీమ కూడా దూరదు. రెబెక్కమ్మను పిలిచి చూపించాను. చూసి, అన్నం ఉడికిందో లేదో చూడాలని వెళ్ళిపోయింది.

డిసెంబర్ 7, శనివారం

ఘన విజయం. ఇరవై అయిదు నిమిషాలు ఏకధాటిగా వేడినీళ్ళు. గది అంతా ఆవిరి. ఫేబీ బయటికి వస్తే ముఖం ఎర్రగా నిగనిగలాడుతోంది. కొంచెం తలనొప్పిగా ఉందంది. బాలింత అన్నాక నీరసం ఉంటుంది. రెబెక్కమ్మ సొరచేప పుట్టు చేసిపెట్టింది, పాలు పడతాయని. పిల్ల సగం తిని వదిలేసింది.

డిసెంబర్ 8, ఆదివారం

గుడిలో పాస్టరయ్యగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నారు. లేచి నిలబడ్డాను. తుఫాను గాలిలోనూ నా కూతురు వెచ్చగా స్నానం చేసిందనీ, దేవుడు నాకు తగిన ఆలోచన ఇచ్చాడనీ, థర్మోకోలు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాను. కొందరు ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళ వైపు చూస్తే రెబెక్కమ్మ బైబిల్లో తలపెట్టుకుని ఏదో వెతుకుతోంది.

డిసెంబర్ 9, సోమవారం

కామమ్మ నాటకం. ఫేబీకి నీళ్ళు పోస్తూ మధ్యలో బయటికి వచ్చి, తల పగిలిపోతోందని వాకిట్లో కూర్చుని వాంతి చేసుకుంది. తేరుకున్నాక, ఆ గది తనకు పడలేదని, పాపకు పెరటి వరండాలో పోస్తాను గానీ మళ్ళీ ఆ లోపలికి మాత్రం రానని చెప్పింది. మూడు తరాల వాళ్ళకు కాగు నీళ్ళు పోసిన చెయ్యి. గీజరు వస్తే తన పెద్దరికం ఎక్కడ పోతుందోనని బాధ. మనిషిని చూసి జాలేసింది.

రేపటి నుంచి ఫేబీ తనంతట తానే పోసుకుంటుంది. కుళాయి తిప్పడానికి మనిషెందుకు?

డిసెంబర్ 10, మంగళవారం

రెండు విశేషాలు. మంట రంగు మారింది. ఇదివరకు నీలంగా సన్నగా ఉండేది, ఇప్పుడు పసుపు పచ్చగా నిండుగా వస్తోంది. గ్యాసు బాగా అందుతున్నట్టుంది.

రెండోది, స్నానాల గది గోడ మూల బల్లి చచ్చి పడి ఉంది. గదిలో ఇక పురుగూ పుట్రా చేరవు. మూసెయ్యడంలో ఈ లాభం కూడా ఉందని ముందు తట్టలేదు.

ఫేబీ స్నానం నుంచి వచ్చి గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. కళ్ళు తిరిగాయట. రెబెక్కమ్మ ఐరన్ మాత్రలు వెతికి ఇచ్చింది. అల్లుడు రాజ్ కుమార్ చెన్నై నుంచి ఫోను చేస్తే అంతా బాగుందని చెప్పాను. గీజరు సంగతి కూడా చెప్పాను. అది విన్నట్టు లేదు.

డిసెంబర్ 11, బుధవారం

వర్షం. విశేషాలేమీ లేవు.

డిసెంబర్ 12, గురువారం

ఈ రోజు నా చేతులతో నేనే కాగు తోమి అటక ఎక్కించాను. రెబెక్కమ్మ నిచ్చెన పట్టుకుంది. ఎవరి ముఖంలోనూ గెలుపు ఓటములు కనబడకూడదని నేను గంభీరంగానే ఉన్నాను.

ఆదివారం నుంచి పాపకు కూడా లోపలే నీళ్ళు పోద్దామన్నాను. పెరటి వరండాలో ఈ చలిగాలి పసిదానికి మంచిది కాదు. చూద్దామంది.

డిసెంబర్ 13, శుక్రవారం

ఫేబీ వచ్చి నా పక్కన కూర్చుంది. పాప గురించి, వాన గురించి మాట్లాడి మాట్లాడి చివరికి, "నాన్నా, ఒక వారం పెరట్లో కాగు నీళ్ళు పోసుకోనా" అంది. ఎందుకన్నాను. ఊరికేనంది. నేను ఒత్తిడి అంటే ఏమిటో, ఉష్ణోగ్రత అంటే ఏమిటో, పెరట్లో గాలికి నీళ్ళు ఎంత త్వరగా చల్లారతాయో కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. అరగంట పట్టింది. అంతా విని సరేలే నాన్నా అంది.

అర్థమయ్యేలా చెబితే వినని పిల్ల కాదు.

డిసెంబర్ 14, శనివారం

నెల్లూరు ఆసుపత్రి. ఫేబీకి ఆక్సిజన్ పెట్టారు.

డిసెంబర్ 15, ఆదివారం

కళ్ళు తెరిచింది. పాపను అడిగింది. గుక్కెడు మంచినీళ్ళు తాగింది. రాజ్ కుమార్ వచ్చాడు. నన్ను పలకరించాడు గానీ ముఖంలోకి చూడలేదు.

నిన్న జరిగింది రాయాలి.

పొద్దున ఎనిమిదిన్నరకు స్నానానికి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. నేను గడియారం పట్టుకుని బయట నిలబడ్డాను, ఒక్కో బకెట్టుకు ఎంతసేపు పడుతోందో లెక్క కోసం. ఎనిమిది నిమిషాలకు చెంబు కిందపడిన చప్పుడయింది. ఏమ్మా అన్నాను. పలకలేదు. నీళ్ళ చప్పుడులో వినపడలేదేమో అనుకున్నాను. నీళ్ళు ఆగలేదు కాబట్టి గీజరు సవ్యంగానే ఉందనుకున్నాను. ఇంకో నాలుగు నిమిషాలు అలాగే నిలబడ్డాను. గీజరు గురించే అనుకున్నాను, కూతురి గురించి అనుకోలేదు. 

రెబెక్కమ్మ వచ్చింది. తలుపు బాదింది. ఒక్క క్షణం ఆగి, వంటింట్లోంచి రోకలి తీసుకుని వానలోకి పరిగెత్తింది. బయట స్టూలు వేసుకుని వెంటిలేటరు మీద కొట్టింది. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకూ పగల్లేదు. అంత గట్టిగా చేశాను. అప్పుడు నా నోట వచ్చిన మాట, "చూసి కొట్టు, గోడ పెచ్చులూడుతుంది."

ఆమె నా వైపు తిరగను కూడా తిరగలేదు. మూడో దెబ్బకు థర్మోకోలు ముక్కలై లోపల పడింది. పెరటి వరండాలో పాపకు నీళ్ళు పోస్తున్న కామమ్మ, బిడ్డను తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టి, తలుపుకు భుజం ఆనించింది. ఆడవాళ్ళిద్దరూ కలిసి తోస్తే గడియ ఊడింది. నా కూతురు గోడకు జారగిలబడి ఉంది. కుళాయి పారుతూనే ఉంది. గీజరులో పసుపు పచ్చటి మంట నిండుగా మండుతోంది.

వరండాలోకి లాక్కొచ్చి పడుకోబెట్టారు. ఏ గాలి సోకకూడదని గది మూశానో ఆ గాలే ఒళ్ళంతా తగిలింది. కాసేపటికి రెప్పలు కదిలాయి. ఆటోలో నెల్లూరు దాకా నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.

డాక్టరు ఉషారాణి గారు మొదట అడిగిన ప్రశ్నే, ఎక్కడ పడిపోయిందని. స్నానాల గదిలో అనగానే గ్యాస్ గీజరా అన్నారు. గాలి చాలని చోట మంట మండితే విషవాయువు పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం, ఆ తరవాత మనిషి కూలబడిపోవడం. ఇంకో పది నిమిషాలయితే తానేమీ చేయగలిగేది కాదన్నారు. మంట పసుపు పచ్చగా ఉందా అని కూడా అడిగారు. ఉందన్నాను. అది గ్యాసు బాగా అందడం కాదు, గాలి అందకపోవడమట.

డిసెంబర్ 16, సోమవారం

డాక్టరు గారికి తేదీలు కావాలి. గది ఏ రోజు మూశారు, తలనొప్పి ఏ రోజు మొదలైంది, ఎన్ని స్నానాలు, పసిబిడ్డను ఎప్పుడైనా లోపలికి తీసుకెళ్ళారా. ఎన్నాళ్ళు ఆ గాలి పీల్చిందో తెలిస్తే ఇంకేం పరీక్షలు చేయించాలో చూస్తారట.

పాపను తీసుకెళ్ళలేదు. ఆ ఒక్కటీ గట్టిగా చెప్పగలిగాను. నిన్నటి ఆదివారం నుంచి తీసుకెళ్ళాలనుకున్న సంగతి చెప్పలేదు.

మిగతా తేదీలు గుర్తు లేవన్నాను. "ఆయన రోజూ డైరీ రాస్తారండీ" అంది రెబెక్కమ్మ. అందులో వాతావరణం తప్ప ఏమీ రాయనన్నాను.

డిసెంబర్ 17, మంగళవారం

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే డైరీ సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి, ఫేబీ మంచం పక్కన నిలబడి మొదటి నుంచి చదివాను. డాక్టరు గారు ఒక కాగితం మీద రెండు వరసలు గీసుకున్నారు. నేను ఏ రోజు గీజరును బాగుచేశానో ఒక వైపు, ఏ రోజు పిల్లకు ఎంత సుస్తీ చేసిందో ఇంకో వైపు. నేను ఎంత బాగా చేస్తే దానికి అంత జబ్బు చేసింది. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నా పని ఇంత స్పష్టంగా ఎవరూ తనిఖీ చేయలేదు.

గుడిలో సాక్ష్యం దగ్గర ఫేబీ నవ్వింది. బల్లి దగ్గర డాక్టరు గారు రాయడం ఆపి నన్ను చూశారు. కామమ్మ నాటకమన్న చోట ఆగాను. రెబెక్కమ్మ నా చేతిలోంచి డైరీ తీసుకుని ఆ పేజీ తానే చదివింది. ఆమె చదువుతుంటే అది ఇంకొకరెవరో రాసినట్టు ఉంది. తిరిగి నా చేతికే ఇచ్చింది.

పదకొండో తేదీన ఏమీ లేదా అన్నారు డాక్టరు గారు. వర్షమండీ అన్నాను.

డిసెంబర్ 19, గురువారం

ఇంటికి వచ్చాం. గండం గడిచినట్టే, నెల తరవాత మళ్ళీ చూపించమన్నారు.

హజరత్తయ్యను పిలిపించి గీజరు ఊడదీయించాను. నేల మీద పడి ఉన్న థర్మోకోలు ముక్కలు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. రెబెక్కమ్మతో అన్నాడు: "కామమ్మ చెప్పినట్టు చీర కుక్కుంటే రవంత గాలన్నా చొరబడి ఉండేదమ్మా. సార్ పని చానా బాగా చేసినాడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఒకసారి నా వైపు చూశాడు. చెప్పదలుచుకుంటే ఇంకొకటి చెప్పగలిగేవాడే. నా భార్య ముందు నా పరువు తీయడం ఇష్టం లేక మింగేసి వెళ్ళాడు.

డిసెంబర్ 20, శుక్రవారం

పదకొండో తేదీన వర్షం పడిన మాట నిజమే. విశేషాలేమీ లేవన్నది అబద్ధం.

ఆ రోజు సాయంత్రం హజరత్తయ్య మా వీధిలో సైకిలు మీద వెళుతూ వెంటిలేటరు చూసి ఆగాడు. ఇంట్లో ఆడవాళ్ళు లోపలి గదిలో ఉన్నారు. గొడుగు లేకుండా గేటు దగ్గరే తడుస్తూ నిలబడి, నన్ను పిలిచి చెప్పాడు: "సార్, ఆ కంత మూసేసినారే. లోపల మనిషికి ఊపిరాడదు. ఇప్పుడే పీకేయండి, నేను చెప్పేది వినండి సార్." నేను ట్యాంకులు కట్టినవాణ్ణని, నీ పని నువ్వు చూసుకోమని అన్నాను. అతను వెళ్ళిపోయాక స్నానాల గదిలోకి వెళ్ళాను. స్టూలు ఎక్కాను. థర్మోకోలు మీద చెయ్యి కూడా వేశాను. దిగి వచ్చి డైరీలో ఒక్క ముక్క రాసుకున్నాను. ఇక్కడ కూడా నాకు నేను నిజం చెప్పుకోలేదు.

ఈ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇదంతా ఇంట్లో చెప్పాను. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. కామమ్మ కూడా గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెకు క్షమాపణ చెబుదామని మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ ఈ సంగతికి వచ్చాను. నేను ఆగాక ఫేబీ పళ్ళెం పక్కకు జరిపింది. తరవాత అడిగింది. నొప్పిస్తుందని తెలిసి అది నన్ను అడిగిన మొదటి మాట అదే.

"మూడ్రోజులుండాది గదా నాన్నా. స్టూలు కూడా ఎక్కినావు. ఎందుకు తీయలేదు?"

జవాబు కోసం వెతుక్కోనక్కర్లేదు, అది ఆ రోజు నుంచి నా దగ్గరే ఉంది.

"అంత బాగా కుదిరింది తల్లీ. పీకబుద్ధి కాలేదు."

 రెబెక్కమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. చీర కొంగుతో తుడుచుకుని వచ్చి, నా ఒళ్ళో ఉన్న పాపను నిద్ర చెదరకుండా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.